దమ్ముకు తగ్గ నడక

నాంచారి గాజుపెట్టెకి అందే దమ్ము దారమంత తగ్గించి, నడక ఒక మెట్టు పెంచింది. గాజుపెట్టెలోని చిప్పు "పీత" అంది. ఇంకో మెట్టు పెంచింది. మళ్ళీ "పీత" అంది. మరో మెట్టు పెంచగానే "పూత" అంది, తప్పు తనది కానే కాదన్నంత ధీమాగా.

అక్కడ ఆపి కాగితం మీద అంకె వేసుకుంది. మాట విరిగిన చోటు అది. అక్కడి నుంచి ఐదోవంతు వెనక్కి రావాలి. అలా వెనక్కి వచ్చిన జాగాను గట్టు అంటారు. పొలానికి ఉన్నట్టే మాటకీ గట్టు ఉండాలని శిక్షణలో మొదటి రోజే చెప్తారు. దమ్ము, అంటే చిప్పుకి అందే కరెంటు, తగ్గినప్పుడు లోపలి మీటలు బద్ధకంగా తెరుచుకుంటాయి. అవి పూర్తిగా తెరుచుకోకముందే తర్వాతి అడుగు పడితే పీత పూత అయిపోతుంది. అందుకని నడక, అంటే చిప్పు అడుగులేసే వేగం, దమ్ముకు తగ్గట్టు ఉండాలి, ఇంకా ఒక పిసరు తక్కువే ఉండాలి. పైగా ఒక వాయిలో, అంటే ఒకే విడతలో దిగిన చిప్పులన్నిటికీ ఒకటే నడకపట్టీ, ఏ దమ్ముకి ఎంత నడకో చెప్పే జాబితా. వాయి మొత్తంలో అన్నిటికన్నా మొద్దు చిప్పు ఏదో చూసి, మిగతావన్నీ దాని వెనకే నడవాలి.

బయట రేవులో రోళ్ళు పగిలే ఎండ. పట్టీల గదిలో మాత్రం ఏడాది పొడుగునా ఇరవై ఆరు డిగ్రీలే. వేడి మారితే కొలతలు చెడతాయని అలా ఉంచుతారు. ఈ చల్లటి సౌకర్యమే ఆ రోజు నాంచారి కొంప ముంచింది, కానీ ఆ సంగతి ఆమెకి ఇంకా తెలియదు.

గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. నాంచారి చేతిలో పని పక్కన పెట్టి, పదిహేడో వాయిలో ఎవరికెంత దమ్ము అందుతోందో చూపే గీతలు తెర మీదికి తెచ్చింది. ఆ వాయి చిప్పులు నలభై ఒక్కమంది ఒంటి మీద ఉన్నాయి, కనుక నలభై ఒక్క గీతలు. వాటిలో నలభైతో ఆమెకి పని లేదు. పన్నెండో గీత ఆమె మొగుడిది.

ఏడుకొండలు రేవులో వేలంపాట పాడేవాడు. పడవ ఒడ్డుకి తగలకముందే సరుకు సగం అమ్మేసే నోరు అతనిది. వంజరం చేపల బుట్ట ముందు నిలబడి "ఒకటోసారి" అన్నాడంటే, మూడోసారి అనేలోపు పక్క ఊరి వ్యాపారులు కూడా చెయ్యెత్తేవాళ్ళు. నాంచారి అతన్ని చేసుకున్నది ఆ నోరు చూసే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ వదిలేసి, సరిగ్గా మాటనే పట్టుకుపోయింది. లోపల చిప్పు ఉన్న పలుకుబిళ్ళ పెట్టించారు. కాలరెముక కింద రూపాయి బిళ్ళంత ఉంటుంది. తలలో పుట్టిన మాటను అందుకుని గొంతుకి అందిస్తుంది. ఒంట్లో బ్యాటరీలు పెట్టకూడదన్న చట్టం వచ్చాక బిళ్ళలన్నీ ఒంటి వేడి మీదే నడుస్తున్నాయి. ఒక్కొక్కరి దమ్ము ఒక్కో తీరు. ఏడుకొండలు దమ్ము ఇంట్లో ఎప్పుడు చూసినా అడుగునే. "నీళ్ళు" అన్న మాటకీ "కావాలి" అన్న మాటకీ మధ్య కోడి రెండుసార్లు కూయచ్చు. అంతసేపు అతన్ని కష్టపెట్టడం ఇష్టం లేక నాంచారి రెండో మాట తానే అనేసి చెంబు అందిస్తుంది. ఏ మాట మొదలుపెట్టినా పూర్తి చేసేది ఆమే. ఇంతకన్నా ప్రేమగా చూసుకునే ఆడది రేవులో ఇంకొకతి లేదని ఆమె నమ్మకం.

పదకొండు కొట్టింది. పన్నెండో గీత లేచింది.

పందొమ్మిది రోజులుగా ఇదే వరస. పదకొండుకి లేస్తుంది, ముప్పావు గంట అలాగే ఉంటుంది, తర్వాత చప్పున పడిపోతుంది. ఇంట్లో ఎన్నడూ చేరని ఎత్తుకి చేరుతుంది. మొదటి రోజు జ్వరమేమోనని కంగారుపడింది. సాయంత్రం నుదురు తడిమి చూస్తే చల్లగానే ఉంది. నాలుగో రోజున ఇంకో సంగతి కంటపడింది. ముప్పైమూడో గీత కూడా పదకొండుకే లేస్తోంది. రెండూ కలిసి లేచి, కలిసి దిగుతున్నాయి.

పట్టీల గదిలో ఒక పాత హాస్యం ఉంది. ఎవరి గీతైనా ఉన్నట్టుండి లేస్తే "ఎవరికో దమ్ము పుట్టింది" అని కన్ను గీటుకుంటారు. ఒళ్ళు వేడెక్కడానికి కారణం ఏముంటుంది? మనసు వేడెక్కడమే. అలాంటి వేళాకోళాల్లో నాంచారి నవ్వు అందరికన్నా పెద్దగా వినిపించేది. ఇప్పుడు ఆ వేళాకోళం మొదలైతే ఆమె తెర వైపు తిరిగి కూర్చుంటోంది.

ముప్పైమూడో గీత ఎవరిదో జాబితాలో ఎప్పుడో చూసేసింది. చూడకూడదని ఒట్టు పెట్టుకున్న మర్నాడే చూసింది. పేరు సువార్త. వయసు నలభై ఒకటి, ఐసు ఫ్యాక్టరీలో పని. ఇంకేముంది, లెక్క సరిపోయింది. పొద్దున అతను ఇస్త్రీ చొక్కా అడగడం, పై రెండు గుండీలూ విప్పుకుని బయల్దేరడం, ఎక్కడికని అడిగితే "రేవు" అని ఒక్క ముక్కతో ముగించడం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఇంట్లో పిల్లి, వీధిలో పులి. తన దగ్గర నాలుగు మాటలకి నలభై గుటకలు మింగే మనిషి, ఎవరితోనో ముప్పావుగంట సేపు ఆ ఎత్తున ఏం మాట్లాడుతున్నాడు? తప్పు పని చేస్తున్నాడన్న బాధ కన్నా, ఆ మాటలు ఇంకొకతి చెవిలో పడుతున్నాయన్న ఉడుకే ఎక్కువగా ఉంది ఆమెకి. ఒళ్ళు కావాలంటే పంచుకోనీ అని కూడా అనుకుంది ఒక క్షణం. ఆ నోరు మాత్రం తనది.

నడక పెంచాలంటే మూడు వేలిముద్రలు పడాలి. తనది, విభాగం పెద్ద రహంతుల్లా గారిది, పైన మండలిది. తగ్గించాలన్నా, అలా తగ్గించినదాన్ని ఆ రోజే తీసెయ్యాలన్నా ఒక్కటి చాలు. నెమ్మదిగా నడిచిన మాట ఎవరికీ హాని చెయ్యదని మండలి సిద్ధాంతం. నాంచారి పదిహేడో వాయి పట్టీ తెరిచి, పైకప్పును ఇంట్లో అతను మాట్లాడే ఎత్తుకి దించింది. దమ్ము ఎంత లేచినా నడక ఇక ఆ కప్పు దాటదు. కారణం అన్న గడిలో "ముందుజాగ్రత్త" అని రాసి వేలు ఆనించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఒక్కడి మీది ఉక్రోషం నలభై ఒక్కమంది నోళ్ళ మీద పడింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసే ఆనించింది.

కొత్త పట్టీ వీధి స్తంభాల ద్వారా అందరికీ చేరేసరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా కూర్చోలేకపోయింది. తలనొప్పి అని రహంతుల్లా గారికి చెప్పి, కొంగు నెత్తిన వేసుకుని ఐసు ఫ్యాక్టరీ దారి పట్టింది. వాళ్ళిద్దరి నోళ్ళూ మొరాయించే క్షణం కళ్ళారా చూడాలని ఆమె కోరిక.

పొద్దుటి లోడింగు అయిపోయి, మధ్యాహ్నం లారీలు వచ్చేలోపు ఫ్యాక్టరీలో ఎవరూ ఉండరు. ఐసు గది తలుపు ఓరగా తీసి ఉంది. తలుపుకి వేలాడే రబ్బరు పట్టీల వెనక ఆమె ఆగిపోయింది. లోపలి నుంచి అతని గొంతు వస్తోంది. రెండేళ్ళుగా వినని గొంతు.

"సరుకు చూసుకోండి బాబూ సరుకు. మా ఆవిడ కోపం. పద్దెనిమిదేళ్ళ నాటిది, ఐసు పెట్టకపోయినా ఈ పొద్దుకీ చెడలా. మొన్న అన్నం గిన్నె మీద చూపించింది, నిన్న పక్కింటి మేక మీద చూపించింది. రెండు బుట్టల ఐసు, రెండు బుట్టలు నా పాట. మూడు అన్నది ఎవరు? సువార్త మూడు. నాలుగు. అయిదు, సువార్త అయిదు బుట్టలు. అయిదు బుట్టలు ఒకటోసారి..."

లోపల నవ్వులు. ఇద్దరి నవ్వు కాదు. నాంచారి రబ్బరు పట్టీలు పక్కకి తోసి చూసింది. ఐసు దిమ్మల మధ్య చేపల పెట్టెలు బోర్లించుకుని పదకొండు మంది కూర్చున్నారు. ఆడా మగా, ముసలీ ముతకా. గోనెపట్టాలు నిండా కప్పుకుని, గుండెల దగ్గర మాత్రం తెరిచి పెట్టుకున్నారు. ప్రతి ఒక్కరికీ కాలరెముక కింద బిళ్ళ మెరుస్తోంది. తొమ్మిదిమంది వేరే వాయిల వాళ్ళు, వాళ్ళ గీతలు వేరే బల్లల మీద లేస్తాయి. తన తెర మీద కనపడేది పదిహేడో వాయి ఒక్కటే కనుక ఇద్దరే ఉన్నారనుకుంది.

ఐసు గాలి ఆమె మొహానికి కొట్టింది. ముక్కు చివర జిల్లుమంది. అప్పుడు వెలిగింది. బిళ్ళకి కావలసింది ఒంటి వేడి కాదు, ఒంటికీ గాలికీ మధ్య తేడా. ఉడికిపోయే వంటింట్లో ఆ తేడా వేలెడు కూడా ఉండదు. ఐసు గదిలో నిలువెత్తు. శిక్షణలో మొదటి ఏడాది చదివిన పాఠమే. కానీ ఆరేళ్ళు ఇరవై ఆరు డిగ్రీల్లో కూర్చున్న మనిషికి లోకంలో గాలి అనేదొకటి ఉందని గుర్తుండదు. విప్పిన గుండీలు ఎవరి కోసమో కాదు, చలి కోసం.

"రెండో..." అన్నాడు ఏడుకొండలు. అని ఆగాడు. "రెండో... సా..."

పట్టీ చేరింది.

అతను బిళ్ళ మీద చెయ్యి వేసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న చామనచాయ మనిషి, జుట్టుకి గుడ్డ కట్టుకున్నది, "ఏ..." అని తను కూడా ఆగిపోయి గొంతు పట్టుకుంది. సువార్త ఆమేనని నాంచారి గుర్తుపట్టింది. మిగతావాళ్ళు ఏమైందని గలగలా అడిగారు. ఏడుకొండలు చూపు తలుపు దగ్గరికి వచ్చింది. పదిహేడో వాయి పట్టీ ఎవరి బల్ల మీద ఉంటుందో అతనికి తెలుసు.

"నువ్... వే... నా..."

అతని మాట పూర్తి చెయ్యడానికి అలవాటుగా నోరు తెరిచింది నాంచారి. కానీ ఈ మాటని పూర్తి చెయ్యడం ఆమె వల్ల కాలేదు. అతను పూర్తిగా అనేదాకా నిలబడింది.

"నేనే," అంది. "నీకూ ఈమెకీ ఏదో ఉందనుకుని కప్పు దించా."

సువార్త నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకుంది. ఆమె రెండూ చెయ్యలేదు. చాలాసేపు పట్టింది ఆమె చెప్పడానికి. ఒక్కో మాటా గట్టెక్కి వచ్చేదాకా నాంచారి ఐసు మీద నిలబడి ఎదురుచూడక తప్పలేదు.

"ఇళ్ళల్లో... మా మాట... వచ్చేలోపు... మీ జవాబు... వచ్చేస్తది. అందుకే... ఇక్కడికి... వస్తన్నాం."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయితే అసూయ పోయిందనుకుంటే పొరపాటు. ఇందాక ఒక్కతె మీద ఉన్నది ఇప్పుడు అతను కాక మిగిలిన పదిమంది మీదికీ పాకింది. తన కోపాన్ని తనకే వినపడకుండా ఇంత ముచ్చటగా పాట పాడుతున్నాడు, దాన్ని వీళ్ళంతా పందొమ్మిది రోజులుగా వింటున్నారు. ఆ పాటలో ఒక్క బుట్ట కూడా తను అనలేదు. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కన్నీళ్ళు కూడా గడ్డకట్టేలా ఉన్నాయని ఆపుకుంది.

గట్టు లేకుండా పట్టీ రాస్తే వంటింట్లో కూడా ఇలా మాట్లాడచ్చని, కాకపోతే నూటికో మాట తప్పు పోతుందని, ఒప్పుకుంటారా అని వాళ్ళిద్దరినీ అడిగింది.

సువార్త మళ్ళీ మొదలుపెట్టింది. "నువ్వు... నూటికి... ఎన్ని... తప్పు... మాట్లాడతావు?"

నాంచారి వెనక్కి తిరిగి పట్టీల గది దారి పట్టింది.

తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పదిహేడో వాయిలో ప్రతి చిప్పూ ఎక్కడ విరుగుతుందో ఆమె కాగితాల్లో ఉంది. ఐదోవంతు గట్టు పదేళ్ళ అరుగుదలకి పెట్టినది, ఇవి రెండేళ్ళవి. దమ్ము అడుగంటినప్పుడు ఆ ఐదోవంతే మాటకి కొండంత అడ్డు. నడక పెంచితే మూడు వేలిముద్రలు అడుగుతుంది. మండలి వెయ్యదు. కానీ రూలు పుస్తకంలో పరీక్షపట్టీ అని ఒకటుంది. దానికి గట్టు అక్కర్లేదు, ఒక్క వేలిముద్ర చాలు, గడువు ఒక్క రోజే అయినా రోజూ మళ్ళీ వేసుకోవచ్చు. చిప్పు ధరించిన మనిషి ఒప్పుకుని బిళ్ళ మీద రెండుసార్లు తట్టాలి, అంతే. బల్ల మీది చిప్పుల కోసం రాసుకున్న రూలు అది. బల్ల మీది చిప్పుకి మనిషి ఎక్కడుంటాడు? అందుకని ఆ చివరి వాక్యాన్ని ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు.

పట్టీ రాయడానికి గంట పట్టింది. వేలు ఆనించే దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

పట్టీ వాయి మొత్తానికి పోతుంది. పన్నెండుకి ఇచ్చి ముప్పైమూడుకి ఇవ్వకుండా ఉండే దారి లేదు. ఉందేమోనని సిగ్గు విడిచి వెతికింది కూడా. మొగుడికి మాట ఇస్తే సువార్తకీ ఇచ్చినట్టే. ఇప్పటిదాకా వాళ్ళకి ముప్పావు గంటే ఉంది, ఐసు గది ఒక్కటే ఉంది. రేపటి నుంచి రేవంతా ఉంటుంది, రోజంతా ఉంటుంది. అతను ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్ళతో మాట్లాడతాడు. అది తను కాకపోవచ్చు. 

వెనక నుంచి రహంతుల్లా గారి గొంతు వినిపించింది. ఆయన ఎప్పుడొచ్చి తెర చూశారో తెలియదు.

"పెంచడానికి మూడు వేళ్ళు కావాలి తల్లీ."

"ఇది పెంచడం కాదండీ. పరీక్ష."

"మనుషుల మీదా?"

"ఒప్పుకున్నవాళ్ళ మీద. తడితేనే అందుద్ది. తట్టకపోతే పాతదే, నేను పొద్దున దించిన కప్పు కూడా తీసేశా."

తప్పు మాట వల్ల ఎవరికైనా ముప్పు వస్తే ఎవరిది పూచీ అని ఆయన అడిగారు. పట్టీ కింద తన పేరు ఉంటుందని నాంచారి చెప్పింది. తట్టేముందు నూటికి ఒక మాట తప్పు పోతుందని బిళ్ళే వాళ్ళకి చెప్తుందని, మందులూ మాత్రల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ రెండుసార్లు తట్టి పాత నడకకి పోవచ్చని కూడా చెప్పింది. ఆయన ముప్పై ఏళ్ళుగా గట్టు కాసిన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత టీ తాగొస్తానని చెప్పి బయటికి వెళ్ళిపోయారు. ఆయన టీ తాగడం మానేసి నాలుగేళ్ళయింది.

నాంచారి వేలు ఆనించింది.

నాలుగు గంటలకల్లా నలభై ఒక్కమందిలో ముప్పై ఆరుగురు తట్టారు. ముప్పైమూడో నంబరు అందరికన్నా ముందు తట్టింది, అదీ ఆమె కళ్ళబడింది. అయిదు గంటలకి విభాగం కిటికీ ముందు వేరే వాయిల వాళ్ళు వరస కట్టారు. "మా... వాయికి... ఎప్పుడు?" అని ఒక ముసలాయన అడుగుతుంటే, లోపల గుమాస్తాలు అతను అడగడం పూర్తయ్యేదాకా ఆగవలసి వచ్చింది. పక్క బల్లల వాళ్ళు రూలు పుస్తకం తెరిచి ఆ చివరి వాక్యం చదువుకున్నారు. ఇద్దరు తమ వాయిల కాగితాలు బయటికి తీశారు. గోడ మీద మండలి హెచ్చరికగా పెట్టిన ఎర్రదీపం వెలిగింది. టీ నుంచి తిరిగొచ్చిన రహంతుల్లా గారు దాన్ని కాసేపు చూసి, తన టోపీ తీసి దానికి తగిలించారు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. వంటింట్లో పొద్దుటి వేడి అలాగే ఉంది. ఏడుకొండలు పీట మీద కూర్చుని ఉన్నాడు. బిళ్ళ ఇంకా తట్టలేదు. తట్టని అయిదుగురిలో తన మొగుడూ ఉన్నాడని నాంచారికి దారి పొడుగునా తెలుసు. ఎందుకు తట్టలేదని అడగబోయి నోరు మూసుకుంది. చేతులు ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదని చింతపండు పిసకడానికి కూర్చుంది.

"నువ్వు... వచ్చాక..." అన్నాడతను. ఆమె చింతపండు పిసుకుతూనే ఉంది. పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టింది. "తడదామని... ఆగా."

రెండుసార్లు తట్టుకున్నాడు.

"పొద్దున మనసు పాడుచేశావు గదే," అన్నాడు. మాటలు పాత రోజుల్లోలాగా దొర్లుకుంటూ వచ్చాయి. "అందరి ముందూ నా గొంతు పిసికినట్టు చేశావు. ఒక పూట తిండి మానేద్దామనుకున్నా నీ మీద కోపంతో. ఆ పడవలో నీళ్ళు ఎక్కువ పోయమాక, పులుసు పల్చనయిద్ది."

పడవ అన్నది గిన్నెని. నూటికి ఒక మాట. అతనికి తెలిసి ముఖం చిట్లించాడు. ఆమె దిద్దలేదు.

"సువార్తకి కూడా ఇచ్చావా?"

అడుగుతాడని తెలుసు. తెలిసినా చింతపండుని గట్టిగా పిండేసింది.

"ఇచ్చా."

"తెలిసేనా?"

"తెలిసే ఇచ్చా. ఇవ్వకుండా ఉండే దారి ఉందేమోనని చూసి మరీ ఇచ్చా. ఇప్పుడు కూడా కళ్ళల్లో కారం కొట్టినట్టుంది నాకు."

 అతని మూతి ఒక పక్కకి లేచింది. పీట ముందుకి జరుపుకుని, చేత్తో మోకాలి మీద కొట్టాడు.

"పొద్దున పాట మధ్యలో ఆగింది. సరుకు మా ఆవిడ కోపం. సువార్త అయిదు బుట్టల ఐసు. అయిదు బుట్టలు రెండోసారి..."

ఆగాడు. బిళ్ళ ఆగిందో అతనే ఆగాడో ఆమెకి తెలియలేదు. చింతపండు చేతిలో అలాగే పట్టుకుని ఎదురుచూసింది. మూడోసారి అనడానికి అతను నోరు తెరిచాడు.

"ఆరు," అంది నాంచారి.